జానపద పాటల కూడిక నెలనెలా నిలబడాలంటే ఎలా నడపాలి?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచి పదే పదే వచ్చే ప్రశ్నలు రెండే. “మా పేటలో జానపద పాటల కూడిక పెట్టాలనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి?” అనేది ఒకటి. “పెట్టాం, మొదటిసారి నలభై మంది వచ్చారు, మూడో నెలకు ఆరుగురం మిగిలాం, ఎక్కడ పొరపాటు జరిగింది?” అనేది రెండోది.

రెండో ప్రశ్న అడిగినవాళ్ళని ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంటే ఇంచుమించు ఒకే సంగతి బయటపడుతుంది. మైకు పెట్టారు. బాగా పాడే నలుగురు వరసగా పాడారు. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టి ఇళ్ళకు వెళ్ళారు. అది కచేరీ. వినడానికి వచ్చిన మనిషి రెండోసారి రాకపోయినా తనకు లోటేమీ లేదు. వంత పాడిన మనిషి సంగతి వేరు. వచ్చే నెల తన గొంతు లేకపోతే పాట బోసిపోతుందని ఆ మనిషికి తెలుసు, అందుకే వస్తాడు.

నాట్లలో, దంపుళ్ళలో, పడవ లాగేచోట పుట్టిన పాటలకు ఒకరు ఎత్తుకోవడం, మిగిలినవాళ్ళు అందుకోవడమే పద్ధతి. కింద చెప్పినవన్నీ ఆ ఒక్క పని కోసమే: గదిలోకి వచ్చిన ప్రతి మనిషీ వంత అందుకోవాలి.

కావలసినవి

మనుషులు 12 నుంచి 20 మంది. అంతకంటే తక్కువైతే గొంతులు విడివిడిగా వినపడి కొత్తవాళ్ళకు సిగ్గేస్తుంది. ఎక్కువైతే మైకు కావాలనిపిస్తుంది.

వీళ్ళలో పాట ఎత్తుకోగలిగినవాళ్ళు ముగ్గురు చాలు. గట్టిగా, నిలకడగా వంత పాడేవాళ్ళు ఇద్దరు తప్పనిసరి. ఈ ఇద్దర్నీ ముందు వెతుక్కోండి, ఎత్తుకునేవాళ్ళు ఎలాగైనా దొరుకుతారు.

వాయిద్యాలు: డోలక్ ఒకటి, చిడతలు రెండు జతలు, తాళాలు ఒక జత. స్థలం అనుకూలిస్తే డప్పు. శ్రుతిపెట్టె ఉంటే సరే, లేకపోతే ఫోన్‌లో శ్రుతి యాప్ సరిపోతుంది.

కింద పరచడానికి జంపఖానాలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు చేతులు లేని కుర్చీలు నాలుగైదు. 20 లీటర్ల మంచినీళ్ళ క్యాను. గట్టి అట్ట ఉన్న 200 పేజీల పొడుగు నోటు పుస్తకం, ఇది పాటల పద్దు.

ఎలా చేయాలి

1. రోజు ముందే తేల్చుకోండి

“అందరికీ కుదిరిన రోజు” అని వెతికితే ఏ రోజూ కుదరదు. రెండో ఆదివారం అనుకుంటే ఏడాది పొడుగునా రెండో ఆదివారమే. సాయంత్రం 5:30కి మొదలుపెట్టి 8 గంటలకు లేవండి. గుంటూరు నుంచి విజయవాడకో, విజయవాడ నుంచి గుంటూరుకో వచ్చినవాళ్ళు తిరిగి ఇల్లు చేరాలంటే గంట పైన పడుతుంది. 8 దాటితే వాళ్ళు మధ్యలోనే లేచి వెళతారు, లేచిన ప్రతిసారీ వంత పలచబడుతుంది.

క్యాలెండర్ చూసుకోవాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. ముహూర్తాలు ఎక్కువగా ఉండే మాఘ, ఫాల్గుణ, వైశాఖ, శ్రావణ మాసాల్లో డోలక్ వాయించేవాళ్ళు పెళ్ళిళ్ళలో ఉంటారు, ఇంకొకర్ని ముందే మాట్లాడి పెట్టుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఆషాఢం మంచిది. పెళ్ళిళ్ళు ఉండవు, కృష్ణా డెల్టాలో నాట్లు మొదలయ్యే రోజులు కాబట్టి నాట్ల పాటలు పల్లె నుంచి వచ్చినవాళ్ళ నోట్లో ఆడుతుంటాయి. దసరా తొమ్మిది రోజులూ విజయవాడ వన్‌టౌన్ వైపు ట్రాఫిక్ మళ్ళిస్తారు, ఆ నెల కూడిక గుంటూరులోనో మంగళగిరిలోనో పెట్టుకోండి. మిరప కోతలు ముమ్మరంగా సాగే ఫిబ్రవరి, మార్చిలో గుంటూరు పల్లెల నుంచి పాడేవాళ్ళు రాలేరు. రమ్మని ఒత్తిడి చేయకండి, అది వాళ్ళ కూలి రోజు.

2. చోటు చూసుకోండి, చప్పట్లు కొట్టి చూడండి

హాలు మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు అక్కడితో ఆగిపోతే మంచి చోటు. తోక లాగా సాగితే మాటలు కలిసిపోతాయి, వంత వెనకబడుతుంది. టైల్స్ పరిచి ఖాళీగా ఉండే అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాళ్ళలో ఈ బాధ ఎక్కువ. రెండు గోడలకు దుప్పట్లు వేలాడదీసి, కింద జంపఖానా పరిస్తే చాలావరకు తగ్గుతుంది. సెల్లార్‌లో మాత్రం పెట్టకండి, ఎన్ని దుప్పట్లు కట్టినా లాభం ఉండదు.

డాబా మీద పెట్టుకుంటే వేసవిలో స్లాబు రాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. సాయంత్రం 5కి ఒకసారి, 5:20కి ఇంకోసారి నీళ్ళు చల్లి, ఆరాక పరవండి. గాలికి ఎదురుగా కూర్చుంటే గొంతు వెనక్కి పోతుంది, పిట్టగోడ వీపుకు ఆనేలా మూలన కూర్చోండి.

గుడి మండపం, బడి వసారా ఈ రెండూ అన్నిటికంటే బాగుంటాయి. ఒక వైపు గోడ, మూడు వైపులా గాలి.

పక్కిళ్ళవాళ్ళకు ముందు రోజే వెళ్ళి చెప్పండి. “రేపు సాయంత్రం ఎనిమిది దాకా పాటలు పాడుకుంటామండీ, మీరూ రండి” అని గుమ్మం దగ్గర నిలబడి చెప్పిన మాటకు ఉన్న విలువ వాట్సాప్ కబురుకు ఉండదు. ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఎలాగూ నిషేధమే.

3. మైకు వద్దు

ఇరవై మందికి మైకు అక్కర్లేదు. మైకు ఉన్నచోట దాని ముందున్న గొంతే పాట అవుతుంది, మిగిలినవాళ్ళు ప్రేక్షకులైపోతారు. తమ గొంతు తమకే వినపడకపోతే ఎవరూ పాడరు. ఒక పెద్దావిడ గొంతు మరీ సన్నగా ఉంటే మైకు ఇచ్చే బదులు ఆవిడను వలయం మధ్యకు జరపండి, డోలక్ ఆపి చిడతలు ఒక్కటే ఉంచండి.

పండగ పూట ఆరుబయట వంద మంది ముందు పెట్టాల్సి వస్తే ఒక్క స్పీకరు పెట్టుకోండి. అప్పుడు కూడా ఒక మైకు ఎత్తుకునేవాళ్ళకు, ఇంకొకటి వంత పాడే నలుగురి మధ్య. వంతకు మైకు లేకుండా ఎత్తుకునేవాళ్ళకు మాత్రమే పెట్టడం అన్నిటికంటే చెడ్డ ఏర్పాటు.

4. వలయంగా కూర్చోబెట్టండి

వరసలు వద్దు. వరసలో కూర్చుంటే వెనకవాళ్ళకు ముందువాళ్ళ వీపులు కనిపిస్తాయి, నోళ్ళు కనిపించవు. వంత అందుకునేది నోరు చూసే. లోపలి వలయంలో ఏడెనిమిది మంది, బయటి వలయంలో మిగిలినవాళ్ళు. వెతికి పెట్టుకున్న ఆ ఇద్దరు వంతగాళ్ళనూ పక్కపక్కన కూర్చోబెట్టకండి. ఎత్తుకునే మనిషికి ఒకరు ఎదురుగా, ఇంకొకరు బయటి వలయంలో కొత్తవాళ్ళ మధ్య ఉండాలి.

డోలక్ వాయించే అతను గోడకు వీపు పెట్టి, ఎత్తుకునే మనిషి పక్కనే కూర్చోవాలి. పెద్దవాళ్ళ కుర్చీలు వెనక గోడ దగ్గర వేస్తుంటారు, అది మర్యాద అనుకుంటారు. పాటలు తెలిసింది వాళ్ళకే కదా. కుర్చీలు వలయంలోనే వేయండి, కిందున్నవాళ్ళు అటూ ఇటూ సర్దుకుంటారు.

5. శ్రుతి: పెట్టె మనిషిని వెతకాలి, మనిషి పెట్టెను వెతకకూడదు

సంగీతం నేర్చుకున్నవాళ్ళు నిర్వహించే కూడికల్లో ఈ తప్పు కనిపిస్తుంది. శ్రుతిపెట్టె అయిదో శ్రుతిలో పెట్టి, “మామ్మగారూ, ఈ శ్రుతికి పాడండి” అంటారు. ఆవిడ అరవై ఏళ్ళుగా శ్రుతిపెట్టె లేకుండా పాడుకున్న మనిషి. రెండు చరణాలు తడబడి, “నాకు రాదులేమ్మా” అని ఆపేస్తుంది. ఆ పాట ఆ పూటకు పోయినట్టే, ఒక్కోసారి ఎప్పటికీ పోయినట్టే.

చేయాల్సింది ఇది. ముందు పెట్టె ఆపేయండి. ఆవిడను ఒక చరణం పూర్తిగా పాడనివ్వండి. పాట వచ్చి ఆగే స్వరాన్ని పట్టుకుని, ఫోన్ యాప్‌లో అర శ్రుతి చొప్పున జరుపుతూ కలపండి. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, ఇలా పైకి. కలిసిన అంకె పద్దులో పాట పేరు పక్కన రాయండి.

ఆడవాళ్ళకు అయిదు అటూ ఇటూగా, మగవాళ్ళకు ఒకటిన్నర, రెండు హాయిగా ఉంటాయి. అందరూ కలిసి పాడేటప్పుడు పాటలో అన్నిటికంటే పై స్వరం దగ్గర చెవి పెట్టండి. అక్కడ మగవాళ్ళు అరుస్తున్నట్టు ఉంటే, లేదా ఆడవాళ్ళ గొంతులు మాయమైతే, ఒక శ్రుతి దించండి. జానపద పాటలు చాలావాటికి అయిదారు స్వరాల కంటే ఎక్కువ పరిధి ఉండదు, కాబట్టి కాస్త దించితే అందరికీ అందుతుంది.

6. పాట నేర్పే క్రమం

కాగితాలు పంచకండి. కాగితం చేతికి రాగానే తలలు వంగుతాయి, వలయం ఉండి కూడా లేనట్టే. వంత ఎలాగూ ఒక మాటో ఒక పంక్తో ఉంటుంది: సువ్వి పాటలో “సువ్వీ”, ఉయ్యాల పాటలో “ఉయ్యాలో”, పడవ పాటలో “ఏలేలో”. దానికి కాగితమెందుకు?

ముందు ఎత్తుకునే మనిషి రెండు వాక్యాల్లో పాట సంగతి చెప్పాలి. ఏ పని చేస్తూ పాడతారు, ఏ ఊరి దగ్గర విన్నది. ఇంతే, ఉపన్యాసం వద్దు. తర్వాత వంత ఒక్కటే మూడుసార్లు: మొదటిసారి తను ఒక్కరే, రెండోసారి వంతగాళ్ళు ఇద్దరితో, మూడోసారి అందరితో. వాయిద్యం ఇంకా రాకూడదు. మూడోసారి గట్టిగా వచ్చిందా? అప్పుడు చిడతలు. చిడతలతో ఒకసారి నిలిచాక డోలక్. ఆ తర్వాతే మొదటి చరణం.

చరణానికీ వంతకూ మధ్య ఎత్తుకునే మనిషి తల పైకెత్తి ఊపిరి తీసుకుంటూ వలయం వైపు చూడాలి. ఆ చూపే “ఇప్పుడు మీరు” అని చెప్పడం. కళ్ళు మూసుకుని పాడే అలవాటున్నవాళ్ళ పాటకు వంత ఎప్పుడూ సగం మాత్ర ఆలస్యంగానే వస్తుంది. వాళ్ళు ఎంత బాగా పాడినా సరే.

ఒక కూడికలో కొత్త పాటలు రెండే. మిగతావి పోయిన నెలలవి. ఇరవై చరణాల పాట ఉంటే ఏడు చరణాలు ఈ నెల, మిగిలినవి పై నెల.

7. డోలక్‌ను అదుపులో పెట్టండి

ఆర్కెస్ట్రాల్లో వాయించి వచ్చినవాళ్ళకు చరణం చివర ఖాళీ కనపడితే చెయ్యి ఆగదు, తీర్మానం (ముగింపు దరువు) లాంటిది ఒకటి బిగిస్తారు. ఆ ఖాళీ వంతది. “అన్నా, మాట వచ్చే చోట దరువు మాత్రమే వెయ్యి” అని పాట మొదలుకాక ముందే చెప్పండి, మధ్యలో చెబితే నొచ్చుకుంటారు. నాలుగు లెక్క పాటకు “తకధిమి”, మూడు లెక్క పాటకు “తకిట” అని నోటితో రెండు చుట్లు చెప్పి అందించండి.

పాట పోనుపోను వేగం పెరగడం ఇంకో జబ్బు. సరిచూసుకోవడానికి పాట మొదటి అర నిమిషంలో పడిన చప్పట్లు లెక్కపెట్టండి, చివరి అర నిమిషంలోవి లెక్కపెట్టండి. 40 పడినచోట 44 దాకా వస్తే పరవాలేదు, 55 అయితే పాట పరుగెత్తింది. దానికి మూలం సాధారణంగా చప్పట్లే. చరణంలో చప్పట్లు ఆపించి, వంతలో మాత్రమే కొట్టించండి. నిలకడ ఉన్న మనిషి చేతికి చిడతలు ఇవ్వండి. పిల్లలకు చిడతలు ఇవ్వాలని అందరికీ ఉంటుంది, వాళ్ళకు కోలాటం కర్రలివ్వండి, చిడతలు పెద్దవాళ్ళ దగ్గరుండనివ్వండి.

తాళ్ళ డోలక్ మెత్తబడితే తాళ్ళ మీద ఉన్న రింగుల్ని ఒక్కొక్కటీ కొంచెం కొంచెం జరుపుతూ బిగించండి. నట్టు బోల్టుల డోలక్ అయితే పావు చుట్టు, ఆ వెంటనే ఎదురుగా ఉన్న బోల్టుకు పావు చుట్టు. ఒకే వైపు వరసగా బిగిస్తే చర్మం ఒక పక్కకు లాగి అంచు దగ్గర చిరుగుతుంది.

8. డప్పు కాచడం

జూలై నుంచి అక్టోబరు దాకా అడిగే ప్రశ్న ఇది: “డప్పు కొత్తదే, మోగడం లేదు.” చెడిపోలేదు, చెమ్మ పట్టింది. తోలు చెమ్మ పీల్చి సాగుతుంది, సాగిన తోలు “డబ్” అని చచ్చు చప్పుడు చేస్తుంది. సెగ తగిలితే బిగుసుకుని గణగణలాడుతుంది.

ఎండుగడ్డి రెండు గుప్పిళ్ళు చాలు. దొరకకపోతే పాత అట్టపెట్టెలు, న్యూస్‌పేపర్లు. ప్లాస్టిక్ అంటిన అట్టలు వద్దు, మసి తోలుకు పడుతుంది. మంట లేచి కాస్త తగ్గాక తోలు వైపు సెగకు పెట్టి మూరెడు ఎత్తులో పట్టుకోండి. ఒకచోట ఆపకుండా బండి చక్రంలా తిప్పుతూ ఉండండి. అర నిమిషానికి ఒకసారి బయటికి తీసి అరచేత్తో తోలు తడమండి. చేతికి వెచ్చగా, పొడిగా తగలాలి. చురుక్కుమంటే ఎక్కువైనట్టే. తర్వాత వేలితో నడిమధ్య ఒకసారి, అంచు చుట్టూ నాలుగు చోట్ల మీటండి. నాలుగు చోట్లా ఒకే పలుకు పలకాలి. ఒకచోట మందంగా ఉంటే ఆ వైపే ఇంకాస్త కాచండి.

ఎక్కువ కాస్తే కర్రచట్రం దగ్గర తోలు పెళుసెక్కి, సిర్ర (వాయించే కర్ర) దెబ్బకు చీలుతుంది. ఒకసారి చీలిన తోలుకు అతుకు లేదు, కొత్తగా మూయించుకోవాల్సిందే.

వాన పడే సాయంత్రం, కాచిన బిగువు పాట పాటకూ తగ్గుతుంది. అందుకే డప్పు పాటలు ఒకదాని వెంట ఒకటి పెట్టుకోండి, మధ్యలో తత్వాలూ లాలిపాటలూ దూర్చకండి. వాయించనప్పుడు చల్లటి టైల్స్ మీద పెట్టకండి, ఒళ్ళో ఉంచుకోండి. ఏప్రిల్, మేలో మంట అక్కర్లేదు, సాయంత్రపు ఎండలో పది పదిహేను నిమిషాలు ఉంచితే చాలు.

షామియానా కింద, డాబా మీద బట్టలు ఆరేసిన చోట మంట వద్దే వద్దు. వీధిలో కాచుకుని పైకి తీసుకెళ్ళండి, పక్కన నీళ్ళ బకెట్ ఉంచండి. మంట పెట్టే వీలే లేకపోతే ఫైబర్ మూత డప్పులు దొరుకుతాయి. వాటికి కాచే పని లేదు, పలుకు మాత్రం కరుకుగా ఉంటుంది, చిన్న గదిలో చెవులు నొప్పెడతాయి.

ఇంకో మాట. డప్పు కళాకారుణ్ణి పిలిస్తే గుమ్మం దగ్గర నిలబెట్టి స్వాగతం కొట్టించి పంపేయకండి. ఈ వాయిద్యాన్ని తరతరాలుగా మోసినవాళ్ళను చాలాకాలం గుమ్మం అవతలే ఉంచారు. వలయంలో ఆయన చోటు ముందే వేసి ఉంచండి. ఇచ్చే డబ్బు, దారిఖర్చు పిలిచినప్పుడే మాట్లాడుకోండి, ఆ రాత్రే చేతికివ్వండి. శాలువా డబ్బుకు బదులు కాదు.

9. వంతులు, ఫలహారం, డబ్బు

అందరికీ ఒక అవకాశం వచ్చేదాకా ఎవరికీ రెండో పాట లేదు. ఈ నియమం మొదటి రోజే పెట్టండి, నాలుగో నెలలో పెడితే ఎవరినో ఉద్దేశించినట్టు అవుతుంది. పాడనన్నవాళ్ళను బలవంతం చేయకండి, “వంత అందుకోండి చాలు” అనండి. సినిమా పాట పాడతానన్నవాళ్ళు ఎప్పుడూ ఒకరుంటారు. వద్దని ముఖం మీద అనకుండా, “అమ్మమ్మ దగ్గర విన్న పాటేదైనా రెండు చరణాలు గుర్తుందా బాబాయిగారూ?” అని అడిగి చూడండి. చాలాసార్లు ఉంటుంది.

టీ మొదట్లో, ఫలహారం చివర్లో. మధ్యలో విరామం ఇస్తే కబుర్లలో పడిపోతారు, మళ్ళీ గొంతులు కలవడానికి రెండు పాటలు ఖర్చవుతాయి. మిరపకాయ బజ్జీలు తెప్పించకుండా మన దగ్గర ఏ కూడికా ఉండదు, సంతోషమే, కానీ 8 గంటల తర్వాత. నూనె, కారం తగిలిన గొంతు దగ్గుతుంది. పాడేటప్పుడు గోరువెచ్చటి నీళ్ళు చాలు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కావాలంటే అవి కూడా చివర్లోనే.

మనిషికి 50 రూపాయలు వేసుకుంటే 20 మందికి 1,000. నీళ్ళ క్యాను, టీ, డోలక్ తెచ్చే ఆటో ఖర్చు అందులో చూసుకోండి, మిగిలింది పద్దు వెనక పేజీలో రాయండి. మొదటి ఏడాది రిజిస్ట్రేషన్ ఆలోచన పెట్టుకోకండి. అధ్యక్షుడెవరు, కార్యదర్శి ఎవరు అన్న చోట చాలా పాటలు ఆగిపోయాయి. సంఘం పేరున బ్యాంకు ఖాతా అవసరమైనప్పుడు ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు సభ్యులు ఉంటే నమోదు చేసుకోవచ్చు.

10. పాటను రికార్డు చేసి పద్దులో ఎక్కించండి

ముందు అడగండి. రికార్డు చేయడానికి ఒక అనుమతి, ఇతరులకు పంపడానికి ఇంకో అనుమతి. రెండూ ఒకటి కాదు. “మా ఇంట్లోవాళ్ళకు తెలియకుండా పాడుతున్నానమ్మా” అనే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మడతపెట్టిన తువ్వాలు మీద, పాడే మనిషికి మూడు నాలుగు అడుగుల దూరంలో ఉంచండి. డోలక్ పక్కన పెడితే డోలకే రికార్డవుతుంది. సీలింగ్ ఫ్యాను ఆపండి, మే నెలలోనైనా ఆ నాలుగు నిమిషాలు ఆపండి. మొదట తేదీ, ఊరు, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పనిలో పాడేవారు అనే మాటలు వాళ్ళ గొంతులోనే రికార్డు కానివ్వండి. తర్వాత పాట. వాట్సాప్‌లో మామూలుగా ఆడియోలా పంపితే నాణ్యత పడిపోవచ్చు, డాక్యుమెంటుగా పంపండి. ఆ రాత్రే రెండో కాపీ ఇంకోచోట దాచండి.

పద్దులో రాసేటప్పుడు విన్నది విన్నట్టు రాయండి. “వొచ్చిందే” అని పాడితే “వచ్చినది” అని దిద్దకండి. దిద్దితే లయ పోతుంది, ఒక మాత్ర ఎక్కువో తక్కువో అయి వంత కుంటుతుంది. అర్థం కాని మాట ఉంటే దాని కింద గీత గీసి వదిలేయండి, ఊహించి రాయకండి. వేరే ఊరి మనిషి వచ్చి చెప్పేదాకా ఆ గీత అలాగే ఉండనివ్వండి.

అతిథులుగా బుర్రకథ దళాన్ని పిలిచేటప్పుడు

ఏడాదికి ఒకటి రెండు సార్లు పిలవండి, వంత అంటే ఏమిటో కొత్తవాళ్ళకు కళ్ళకు కట్టేది అక్కడే. దళంలో ముగ్గురుంటారు. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో (తోలు మూత ఉన్న చిన్న డోళ్ళు) వంతలు. వంతల్లో ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం పలుకుతారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చిందని అందరికీ గుర్తే, ఆయన కథ కూడా రెండు పక్కలా వంత లేకుండా నడిచేది కాదని కూడా గుర్తుంచుకోవాలి.

వాళ్ళు నిలబడి, ముందుకూ వెనక్కూ అడుగులేస్తూ చెబుతారు కాబట్టి 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల లోతు ఖాళీ కావాలి. కథకు గంట, గంటన్నర పడుతుంది. ఆ రోజు మీ పాటలు మూడుకు మించి పెట్టకండి. గుమ్మెటలకూ చెమ్మ బాధ ఉంటుంది, సెగ ఏర్పాటు కావాలా అని ముందే అడగండి.

పాడేదేమిటి, ఏ నెలలో

ధనుర్మాసంలో గొబ్బి పాటలు, ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది కాబట్టి ఆ నెలలో ఉయ్యాల పాటలు, కార్తీకంలో వనభోజనాల చోట తత్వాలు, ఏలపదాలు. పెళ్ళిళ్ళ నెలల్లో నలుగు పాటలు, అప్పగింతలు. అప్పగింతల పాట పెట్టేటప్పుడు వలయంలో ఎవరింట్లో ఆడపిల్ల పెళ్ళి ఈమధ్యే జరిగిందో చూసుకోండి, ఆవిడ ఏడిస్తే పాట ఆపేయకండి, నెమ్మదిగా వంత కొనసాగించండి.

రాసినవాళ్ళు తెలిసిన పాటలూ జానపదం పేరుతో తిరుగుతుంటాయి. కవి బతికి ఉన్నంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు హక్కులు ఉంటాయి. కూర్చుని పాడుకోవడం వరకు ఒక సంగతి, రికార్డు చేసి యూట్యూబులో పెట్టడం ఇంకో సంగతి. పాడేముందు కవి పేరు చెప్పడం మాత్రం ఎప్పుడూ మానకండి.

సరిగా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

వచ్చినవాళ్ళ తలలు లెక్కపెట్టకండి, అది మోసం చేస్తుంది. మూడు పరీక్షలు పెట్టుకోండి.

పాట మధ్యలో ఎత్తుకునే మనిషిని ఒక వంత దగ్గర నోరు మూసుకోమనండి. వంత అదే గట్టిగా వచ్చిందా? వస్తే బాగుంది. సగం పడిపోతే ఇన్నాళ్ళూ ఆ మనిషే రెండూ పాడుతున్నారన్నమాట, ఆరో అంశంలోని మూడుసార్ల పద్ధతి ఎక్కడో తప్పించారు.

పోయిన నెల కొత్తగా నేర్చుకున్న పాటను ఈ నెల పద్దు తెరవకుండా మొదలుపెట్టండి. పది మందికి వంత, ముగ్గురికి మొదటి రెండు చరణాలు వస్తే నిలిచింది. రాకపోతే కొత్త పాట ఆపి పాతదే మళ్ళీ పాడండి. రెండు నెలలు వరసగా రాకపోతే పాటలో తప్పు లేదు, శ్రుతి ఎక్కువగా ఉందేమో చూడండి.

మూడోది రికార్డింగులో. ఇంటికెళ్ళాక ఫోన్ చెవికి పెట్టుకుని వంత వచ్చేచోట ఎన్ని గొంతులు విడిగా గుర్తుపట్టగలరో చూడండి. గుర్తుపట్టినవన్నీ ఒకే వైపు కూర్చున్నవాళ్ళవే అయితే అవతలి వైపు బయటి వలయం పాడటం లేదు. వచ్చే నెల రెండో వంతగాణ్ణి ఆ వైపుకు మార్చండి, కొత్తగా వచ్చినవాళ్ళను లోపలి వలయంలోకి పిలవండి, డోలక్‌ను మొదటి పాటకు పక్కన పెట్టి చిడతలతోనే మొదలుపెట్టండి.